కంప్యూటరుకు మేలుకొలుపు ఎవరు పాడాలి?

పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కాలంనాటి వీథులకు ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకొని కురుచికుప్పం ఉన్నది. కుప్పం అనగా మత్స్యకారుల పల్లె. ఆ పల్లె పట్టణంలో కలిసిపోయి చాలాకాలమైనది. నేడు వలలూ పడవలూ గల ఇళ్ల సరసనే విద్యార్థులూ చిరుద్యోగులూ అద్దెకుండే ఇళ్లు కూడా అక్కడ కనిపిస్తాయి.

యానాం నుంచి ఇంజనీరింగు చదువుకు వచ్చిన ఒక విద్యార్థిని అటువంటి ఇంటిలో ఒక గది తీసుకొని ఉన్నదనుకుందాం. యానాం గోదావరి ఒడ్డున, కాకినాడకు చేరువలో ఉన్న తెలుగు పట్టణం. అయినా పరిపాలన పుదుచ్చేరిది కావడంతో అక్కడి పిల్లలు పై చదువులకు ఇంత దూరం వస్తారు. ఆమెకు ఇప్పుడొక లాప్‌టాప్ కావాలి. తండ్రి పంపగలిగిన సొమ్ము కొద్దిపాటిది. కొన్న యంత్రం చదువు ముగిసేవరకు నిలవాలి. వీటితోపాటు ఆమెకు మరొక కోరిక ఉన్నది: యంత్రం మేలుకొన్న క్షణం నుంచి అందులో నడిచే ప్రోగ్రాములను తాను చదివి తెలుసుకోగలగాలి; అవసరమైతే మార్చుకోగలగాలి.

లినక్స్ ఎక్కించుకొంటే ఆ కోరిక తీరినట్లే కదా అని చాలామంది అంటారు. అది సగం నిజం. లినక్స్ రంగంలోకి రాకముందే యంత్రంలో మరొక ప్రోగ్రాము నడుస్తుంది. అది ఎవరిదన్న ప్రశ్నకు యంత్రం కొనక ముందే సమాధానం తెలుసుకోవాలి. కొన్న తరువాత తెలుసుకొని ప్రయోజనం లేదు.

మొదటి క్షణంలో జరిగేది

స్విచ్చి నొక్కిన క్షణంలో ప్రాసెసరుకు ఏమీ తెలియదు. మెమరీ ఎంత ఉన్నదో, డిస్కు ఎక్కడ ఉన్నదో, తెర ఉన్నదో లేదో కూడా తెలియదు. మదర్‌బోర్డు మీద గోటిపాటి చిప్ ఒకటి ఉంటుంది. సాధారణంగా దానికి ఎనిమిది కాళ్లు. అందులో రాసి ఉన్న ఆజ్ఞలను ప్రాసెసరు మొదట చదువుతుంది. ఆ ఆజ్ఞలే మెమరీని పనికి సిద్ధం చేసి, మిగిలిన భాగాలను ఒక్కొక్కటిగా నిద్రలేపి, చివరకు డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమును పిలిచి పగ్గాలు అప్పగిస్తాయి. ఈ మేలుకొలుపు ప్రోగ్రామునే బూట్ ఫర్మ్‌వేర్ అంటారు.

దీనికి చిరకాలంగా ఉన్న పేరు బయోస్. 1970లలో గ్యారీ కిల్డాల్ తన సి.పి./ఎం. అనే ఆపరేటింగ్ సిస్టములో ఈ పేరు వాడినాడు. 1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దాని బయోస్ మూలరచన యావత్తూ సాంకేతిక గ్రంథంలో అచ్చువేసినది. చదువుకోవడానికి అందరికీ వీలుండెను. నకలు చేసుకొనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అందువల్ల కాంపాక్ సంస్థ ఒక ఉపాయం పన్నినది. ఒక బృందం ఐ.బి.ఎం. బయోస్‌ను పరిశీలించి అది చేసే పనులేమిటో రాసిపెట్టినది. మూలాన్ని ఎన్నడూ చూడని మరొక బృందం ఆ వివరాలు మాత్రమే చూసి కొత్త బయోస్‌ను రచించినది. ఆనాటి ఐ.బి.ఎం. అనుకూల యంత్రాల వెల్లువ అలా మొదలైనది.

ఆ తరువాతి కాలంలో మూలరచనను అచ్చువేసే ఆచారం పోయినది. కొనేవారికి చిప్‌లో ఉన్న అంకెలు తప్ప, వాటి వెనుక ఉన్న రచన దక్కలేదు.

తలుపు తెరిచినవారు

1999లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో రాన్ మినిక్ అనే శాస్త్రజ్ఞుడు వందలాది కంప్యూటర్లను జతచేసి ఒకే పెద్ద గణనయంత్రంగా నడిపించే పనిలో ఉన్నాడు. మామూలు బయోస్ ఆ పనికి అడ్డు తగిలినది. అది తెర ముందు ఒక మనిషి కూర్చొని ఉంటాడన్న భావనతో రాసినది. చిన్న చిక్కు వచ్చినా ఒక మీట నొక్కమని అడిగి ఆగిపోతుంది. వందల యంత్రాలున్న గదిలో ఏ యంత్రం దగ్గరకని పరుగెత్తగలరు? దానితో ఆయన బృందం తామే ఒక ఫర్మ్‌వేర్‌ను రచించి లినక్స్‌బయోస్ అని పేరు పెట్టి, మూలరచనను అందరికీ ఇచ్చివేసినది. 2008లో దాని పేరు కోర్‌బూట్‌గా మారినది. గూగుల్ సంస్థ 2012 నుంచి ఇంటెల్ ప్రాసెసరు గల క్రోమ్‌బుక్‌లను కోర్‌బూట్‌తోనే తయారు చేయించుతున్నది. కోర్‌బూట్ ఆధారంగా, సామాన్యులు సులువుగా ఎక్కించుకొనేలా సిద్ధం చేసిన కూర్పు లిబ్రెబూట్. ఇది 2013లో మొదలైనది.

సామాన్యునికి దీనితో పనేమిటని అడగవచ్చు. ఒక చిన్న ఉదాహరణ చాలు. 2012లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్230లో వైఫై కార్డు పాడైనదనుకుందాం. బజారులో దొరికే మంచి కార్డు తెచ్చి బిగిస్తే యంత్రం మేలుకోనని మొరాయిస్తుంది. తన జాబితాలో ఉన్న కార్డులను తప్ప ఇతర కార్డులను ఆ ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు. కార్డులో లోపం లేదు, బోర్డులో లోపం లేదు, ఉన్నది నిషేధం. కోర్‌బూట్ ఎక్కించిన ఎక్స్230లో ఆ నిషేధం ఉండదు.

రెండవ కారణం భద్రత. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరస్ అనేక దేశాలలో కంప్యూటర్ల బయోస్ చిప్‌లను చెరిపివేసినది. ఆ యంత్రాలు మరల మేలుకోలేదు. 2023 డిసెంబరులో పరిశోధకులు మరొక లోపాన్ని బయటపెట్టి లోగోఫెయిల్ అని పేరు పెట్టినారు. యంత్రం మేలుకొనేటప్పుడు తెర మీద కంపెనీ చిహ్నాన్ని చూపే భాగంలోని తప్పుల వల్ల శత్రువు లోపలికి చొరబడవచ్చునని వారు నిరూపించినారు. కంపెనీలు కొత్త యంత్రాలకు దిద్దుబాట్లు ఇస్తాయి. అమ్మకం ఆగిపోయిన పాత యంత్రాలను కొన్నాళ్లకు పట్టించుకోవు. మూలరచన చేతిలో ఉన్నచోట దిద్దుబాటుకు కంపెనీ దయ కోసం ఎదురుచూడనక్కరలేదు.

కరిగించి పోసిన తాళం

ఇంత మేలైనదైతే ఏ కంప్యూటరైనా కొని కోర్‌బూట్ ఎక్కించుకోవచ్చు కదా? ఇక్కడే చిక్కు ఉన్నది. ఆపరేటింగ్ సిస్టము దాదాపు అన్ని యంత్రాలలోనూ ఇముడుతుంది. ఫర్మ్‌వేర్ అలా ఇమడదు. అది ఒక్కొక్క మదర్‌బోర్డుకూ విడిగా కొలత తీసి కుట్టిన చొక్కా వంటిది. ఎవరో ఒకరు ఆ బోర్డును పరిశీలించి, పని చేయించి, ఫలితాన్ని అందరికీ ఇచ్చి ఉండాలి. అందువల్ల కంపెనీ పేరు చూసి కొనరాదు. ‘థింక్‌ప్యాడ్ అయితే చాలు’ అన్న మాట నమ్మి మోసపోయినవారున్నారు. కోర్‌బూట్, లిబ్రెబూట్ ప్రకటించే జాబితాలలో ఆ మోడలు సంఖ్య అచ్చంగా ఉన్నదో లేదో చూడాలి. ఒక అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డు కావచ్చు.

అంతకన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉన్నది. 2013లో హాస్వెల్ అనే తరం ప్రాసెసర్లతో ఇంటెల్ సంస్థ ‘బూట్ గార్డ్’ను ప్రవేశపెట్టినది. లాప్‌టాప్ తయారుచేసే కంపెనీ తన తాళపుచెవి గుర్తును కర్మాగారంలోనే చిప్ లోపల కరిగించి శాశ్వతంగా ముద్రిస్తుంది. ఆ కంపెనీ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను ఆ యంత్రం నడపదు. కొన్నవాడు సంతకం చేయడానికి వీలులేదు. ముద్రను చెరిపే మార్గం లేదు.

ఈ తాళానికి సమర్థన లేకపోలేదు. మన యంత్రాన్ని ఎవరైనా దొంగతనంగా తెరిచి మేలుకొలుపు ప్రోగ్రామును మార్చివేస్తే బూట్ గార్డ్ పసిగడుతుంది. కాని తాళపుచెవి ఇంటి యజమాని దగ్గర లేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గర ఉన్నది. 2023లో ఎం.ఎస్.ఐ. సంస్థ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి ఎత్తుకొనిపోయిన సమాచారంలో ఇటువంటి రహస్యపు చెవులు కూడా బయటపడినవి. కరిగించి పోసిన ముద్రను మార్చే వీలు లేదు కాబట్టి ఆ చెవులతో బిగించిన యంత్రాలకు నమ్మకమైన మందు లేకపోయినది.

అన్ని కంపెనీలూ అన్ని మోడళ్లకూ ఈ తాళం వేయలేదు. ఒకే తరానికి చెందిన రెండు యంత్రాలలో ఒకటి మూసి, మరొకటి తెరిచి ఉండవచ్చు. హాస్వెల్ తరానికి చెందినదే అయినా థింక్‌ప్యాడ్ టి440పి కి తాళం లేదు. జాబితా చూడనిదే సొమ్ము చెల్లించరాదనడానికి ఇదే కారణం.

స్వేచ్ఛకు మెట్లు ఉన్నవి

జాబితాలో ఉన్న యంత్రాలన్నీ ఒకే మాదిరివి కావు. మూడు మెట్లుగా చూస్తే విషయం తేటపడుతుంది.

మొదటి మెట్టు 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200, టి400. ఇంటెల్ చిప్‌లలో ‘మేనేజ్‌మెంట్ ఇంజిన్’ అనే చిన్న కంప్యూటరు దాగి ఉంటుంది. అది ప్రధాన ప్రాసెసరుతో నిమిత్తం లేకుండా తన ప్రోగ్రామును తానే నడుపుకొంటుంది. దాని మూలరచన బయటివారికి దొరకదు. ఎక్స్200 వంటి యంత్రాలలో దాని ప్రోగ్రామును పూర్తిగా తొలగించినా యంత్రం చక్కగా పనిచేస్తుంది. తరువాతి తరాలలో అలా తొలగిస్తే యంత్రం 30 నిమిషాలకు ఆరిపోతుంది. అందువల్ల స్వేచ్ఛ విషయంలో ఎక్స్200 మేటి. కాని దాని మెమరీ 8 గిగాబైట్లకు మించదు. పైగా 2018లో స్పెక్టర్ అనే లోపం బయటపడినప్పుడు, ఆ తరం ప్రాసెసర్లకు దిద్దుబాటు ఇవ్వబోమని ఇంటెల్ ప్రకటించినది. పూర్తి స్వేచ్ఛ గల యంత్రానికి కూడా మానని గాయం ఒకటి ఉన్నది.

రెండవ మెట్టు 2012 నాటి ఎక్స్230, టి430. మెమరీని మేలుకొలిపే కష్టమైన భాగాన్ని కూడా స్వచ్ఛంద కార్యకర్తలే శోధించి రచించినారు. మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ను పూర్తిగా తీసివేయలేరు. దాని ప్రోగ్రాములో చాలాభాగం కత్తిరించి, తొలిదశ దాటగానే ఊరుకొనేలా చేయగలరు. మెమరీ 16 గిగాబైట్ల వరకు పెంచవచ్చు. కీబోర్డు, బ్యాటరీ, డిస్కు అన్నీ మార్చుకోవచ్చు. అయితే బ్యాటరీని పర్యవేక్షించే చిన్న చిప్‌ది వేరే ప్రోగ్రాము. కోర్‌బూట్ దానిని తాకదు. ఇతర కంపెనీల బ్యాటరీలను ఒప్పుకోకపోవడం ఆ చిప్ పని. కోర్‌బూట్‌తో ఆ చిక్కు కూడా తీరుతుందని ఆశించరాదు.

మూడవ మెట్టు 2018 నాటి టి480. దీనికి బూట్ గార్డ్ తాళం ఉన్నది. అయితే మేనేజ్‌మెంట్ ఇంజిన్‌లో 2017లో బయటపడిన ఒక లోపాన్ని ఆసరాగా తీసుకొని తాళాన్ని తప్పించే మార్గం కనుగొన్నారు. 2024 డిసెంబరులో లిబ్రెబూట్ ఈ యంత్రాన్ని తన జాబితాలో చేర్చినది. దీనికి 32 గిగాబైట్ల మెమరీ అమర్చవచ్చు. వేగం నేటి అవసరాలకు చాలును. కాని మెమరీని మేలుకొలిపే భాగం ఇంటెల్ ఇచ్చిన మూసిన ముద్దగానే ఉన్నది. తాళం తీసిన మార్గం కూడా న్యాయంగా లభించిన చెవి కాదు; తాళంలో ఉన్న పగులు.

మెట్టు ఎక్కినకొద్దీ వేగం పెరుగుతున్నది, స్వేచ్ఛ తరుగుతున్నది. ఎవరికి ఏ మెట్టు తగినదో వారి పనిని బట్టి నిర్ణయించుకోవాలి.

కొత్త యంత్రమే కావాలనేవారికి దారులు లేకపోలేదు. అమెరికాలో సిస్టమ్76, ప్యూరిజం, ఇంగ్లండులో స్టార్ ల్యాబ్స్, నెదర్లాండ్స్‌లో నోవాకస్టమ్ సంస్థలు కోర్‌బూట్‌తోనే లాప్‌టాప్‌లు అమ్ముతున్నవి. వాటిలోనూ ఇంటెల్ మూసిన భాగాలు కొన్ని ఉంటాయి. మన దేశానికి తెప్పించుకొంటే సుంకం, రవాణా కలుస్తాయి. మరమ్మతు వస్తే మరల సముద్రం దాటించవలసి వస్తుంది. చవకగా ముగించదలచినవారికి ఇంటెల్ ప్రాసెసరు గల క్రోమ్‌బుక్ ఒక దారి. పాత క్రోమ్‌బుక్‌లు కొన్నిటిలో ఫర్మ్‌వేర్‌ను కాపాడేది ఒక మర మాత్రమే. అది విప్పితే యజమాని ఇష్టం. కాని వాటిలో డిస్కు చిన్నది, మెమరీ చాలావాటిలో బోర్డుకే అతికి ఉంటుంది.

దుకాణంలో చూడవలసినవి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. ఎక్స్230, టి430 తరం యంత్రాలను విండోస్ 11 తన అర్హతల జాబితాలో చేర్చలేదు. కార్యాలయాలు వదిలించుకొన్న అటువంటి యంత్రాలు చెన్నై రిచీ వీథిలోనూ, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనూ సెకండ్ హ్యాండులో దొరుకుతాయి. ఒకరు పనికిరాదన్న యంత్రం మరొకరికి సరిగ్గా కావలసిన యంత్రం కావడం ఈ బేరంలోని విశేషం.

కొనేటప్పుడు అడుగున ఉన్న చీటీ మీద పూర్తి మోడలు సంఖ్య చూడాలి. యంత్రాన్ని వెలిగించి, లోపలి సమాచారంలోనూ అదే సంఖ్య ఉన్నదో లేదో సరిచూడాలి. మరమ్మతులో బోర్డు మారిన యంత్రాలు ఉంటాయి. బయోస్‌కు రహస్యపదం వేసి ఉన్న యంత్రాన్ని, ఎంత చవకైనా, తీసుకోరాదు. కురుచికుప్పం వంటి సముద్రతీరాన వాడిన యంత్రమైతే మరొక జాగ్రత్త అవసరం. ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. వీలైతే అడుగు మూత విప్పించి, చిప్ కాళ్ల దగ్గర, మెమరీ బిగించే చోట పచ్చగా గాని తెల్లగా గాని పొడి పేరుకొన్నదేమో చూడాలి. తుప్పు పట్టిన బోర్డుకు ఏ ఫర్మ్‌వేరూ ప్రాణం పోయదు.

చేయి పెట్టేముందు

ఎక్స్230 వంటి యంత్రాలకు మొదటిసారి కోర్‌బూట్ ఎక్కించాలంటే సాధారణంగా పెట్టె విప్పి, చిప్ కాళ్లకు పట్టుకొమ్మ తగిలించి, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు సహాయంతో, ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రాము ద్వారా రాయాలి. ఎక్స్230లో అటువంటి చిప్‌లు రెండు ఉన్నవి: ఒకటి 8 మెగాబైట్లు, మరొకటి 4. మొదట బ్యాటరీ తీయాలి. చిప్‌లో ఉన్నదానిని కనీసం రెండుసార్లు చదివి, రెండు ప్రతులూ అక్షరం తప్పకుండా ఒకటే అని తేలిన తరువాతే కొత్తది రాయాలి. పాత ప్రతిని వేరొకచోట భద్రపరచాలి. యంత్రం నెట్‌వర్క్ చిరునామా అందులోనే ఉంటుంది. మరొకరి ప్రతి తెచ్చి రాస్తే అది పోతుంది.

చిప్ కోరే విద్యుత్తు ఎంతో తెలుసుకోవడం అన్నిటికన్న ముఖ్యం. ఈ తరం చిప్‌లు చాలావరకు 3.3 వోల్టులవి. చవకగా దొరికే సి.హెచ్.341ఎ అనే పరికరంలో కొన్ని రకాలు సంకేతాల తీగలలో 5 వోల్టులు పంపుతాయి. కొద్ది వందలు మిగుల్చుకోబోయి బోర్డు పోగొట్టుకోవడం తెలివి కాదు. ఇది పరీక్షల ముందు, ఉన్న ఒక్క యంత్రం మీద, ఒంటరిగా చేయవలసిన పని కూడా కాదు. పుదుచ్చేరిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ ఉన్నది. హైదరాబాదులో, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమును రూపొందించిన ‘స్వేచ్ఛ’ ఉన్నది. ఇటువంటి బృందాలలో ఈ పని ఎరిగినవారిని వెతికి, పక్కన ఉంచుకొని చేయడం మేలు.

తండ్రి అడిగే ప్రశ్న

యానాంలో తండ్రి ఫోనులో అడుగుతాడు: “కొత్తది వదిలి పాతది కొనడమేమిటమ్మా? పాడైతే ఎవరు బాధ్యులు?”

న్యాయమైన ప్రశ్న. పాత యంత్రానికి కంపెనీ హామీ ఉండదు. కొత్త యంత్రానికి ఉన్న హామీ సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాలు. ఆమె చదువు నాలుగు సంవత్సరాలు. హామీ తీరిన మరునాడు కొత్త యంత్రమూ పాతదే అవుతుంది. అప్పుడు విడిభాగాలు దొరకడం, తెలిసినవారు తెరిచి బాగుచేయగలగడం, అందులోని ప్రోగ్రాము మరొకరి అనుమతి అడగకుండా ఉండడం అక్కరకు వస్తాయి.

ఆమెకున్న సొమ్ముకు, ఆమె పనికి రెండవ మెట్టు తగినది. ప్రోగ్రాములు రాయడానికి, పాఠాలకు, నివేదికలకు 16 గిగాబైట్ల టి430 చాలును. పెద్ద గణనలు చేయవలసిన శాఖ అయితే, సొమ్ము కూడితే, టి480 తీసుకొని అందులో మూసి ఉన్న భాగమేదో తెలిసి వాడుకోవచ్చు. ఏది కొన్నా మొదటి సంవత్సరం ఉన్న ఫర్మ్‌వేర్‌తోనే నడుపుకొని, సెలవులలో తెలిసినవారి నడుమ కోర్‌బూట్ ఎక్కించుకోవచ్చు. తలుపు తెరుచుకొనే యంత్రమే కొన్నది కాబట్టి తొందర లేదు. మూసిన యంత్రం కొని ఉంటే ఎన్ని సెలవులు వచ్చినా ఆ అవకాశం రాదు.

“పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు నాన్నా. అందుకే దీనిని ఎంచినాను” అని ఆమె చెప్పవచ్చు. పడవలు, వలలు తెలిసిన గోదావరి ఒడ్డు మనిషికి ఆ మాట వివరించి చెప్పవలసిన అవసరం ఉండదు.